అన్నయ్యను చూసిపోవడానికి

ఆషాఢం, సోమవారం

పొద్దుట్నుంచీ ముసురు. జీడితోటలో కలుపు సగం తీసి ఇంటికొచ్చాను. మేనత్త అన్నయ్య మంచం పక్కన కూర్చుని ఉంది.

"కిడ్నీ పోతే ఇంకేటుంటాదిరా. మా వీధి అప్పన్న కూడా ఇలాగే డయాలసిస్‌కి తిరిగి తిరిగి పోనాడు. ఓపాలి నీ మొకం సూసి పోదామని వచ్చినాను" అంటోంది.

ఊపిరుండగానే చూసిపోవడం మా వైపు మర్యాద. అన్నయ్య తల ఊపుతూ విన్నాడు. ఆమె కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే, "ఒరే, రేపు డయాలసిస్‌కి నేను రాను. ఏటి లాభం?" అన్నాడు.

ఒళ్లు మండింది. డయాలసిస్ సెంటర్లో ప్రతిసారీ బరువు చూస్తారు, బీపీ చూస్తారు. నీకేం భయమని ఒక్కరూ అడగలేదు. అన్నయ్య నిద్రపోవడం లేదని చెబితే, ఇంట్లోవాళ్లే ధైర్యం చెప్పాలన్నారు. ఇంటికొచ్చేవాళ్లు చెప్పే ధైర్యం ఇదీ.

అత్త పెరట్లోంచి వచ్చి మళ్లీ కూర్చోగానే, "అత్తా, లే. బస్సొస్తాది" అన్నాను.

"అన్నం తినకండా పొమ్మంతన్నావేటిరా?"

"మాటల్తో అన్నయ్యని సంపీసినావు కదా. మైలింట్లో అన్నం తింతావేటి?"

మంచం మీద అన్నయ్య పక్కున నవ్వాడు. ఎన్నాళ్లకో. రేపు వస్తానని మాత్రం అనలేదు. అయినా రేపటికి ఆటో చెప్పాను.

అత్త తినకుండానే సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది.