గురక పరుపుల గేటు మీది బోర్డు

పురపాలక కమిషనరు గారికి,

అయ్యా,

విషయం: మూతపడిన 'గురక పరుపుల కర్మాగారము' గేటు వద్ద, మా అక్క పని వేళలో నిద్రపోయినదని చూపుతూ తమరు పెట్టించిన బోర్డు గురించి.

1. మొదట జరిగినది: కర్మాగార స్థలమును తమరు పార్కుగా మార్చి, గత నెల గేటుకు బోర్డు బిగించితిరి. అందులోని పాత ఫొటోలో ఒక స్త్రీ పరుపు మీద కళ్లు మూసుకొని పడుకొనియున్నది. కింద "పని వేళలో హాయిగా గురక! మూతపడక ఏమవుతుంది?" అని రాయించితిరి. ఆ స్త్రీ మా అక్క.

2. ఆమె నిద్రపోవుట లేదు. అది ఆమె ఉద్యోగము. కుట్టు పూర్తయిన ప్రతి పరుపు మీద వెల్లకిలా పడుకొని, మెల్లగా జరుగుతూ, దూది ఎక్కడ ఉండకట్టినదో, విరిగిన సూది ఎక్కడ ఉండిపోయినదో వీపుతో కనిపెట్టవలెను. ధ్యాస చెదరకుండా కళ్లు మూసుకొనేది. కొన్నవారికి గుచ్చుకోవలసిన సూదులు ఆమెకు గుచ్చుకున్నవి. మచ్చలు నేటికీ ఉన్నవి. చూపించమని ఆడమనిషిని అడగరాదు గనుక నా మాట నమ్మవలెను.

3. 'గురక' అన్న పేరు చూసి జనం నవ్వడం మాకు కొత్త కాదు. లేబుళ్లు కుట్టింది నేనే. బస్సెక్కితే "గురకోడొచ్చాడు, పక్క వెయ్యండ్రా" అనేవారు. మేమూ నవ్వేవాళ్లం. కర్మాగారము మూతపడినది మా నిద్ర వలన కాదు, యజమాని కొడుకులు వాటాల కోసం కొట్టుకొని యంత్రాలు అమ్ముకొన్నందువలన. ఆఖరి రోజున పరుపు మీదున్న అక్కతో నేను "దిగక్కా, ఇంక చాలు" అంటే, "ఉండరా, ఇదొక్కటి చూసి దిగుతా" అన్నది.

4. అక్క ఇప్పుడు నర్సింగ్‌హోములో రాత్రిపూట ఆయా. మొన్న మేనేజరు పిలిచి, "బోర్డు మీద నిద్రపోతున్నది మీ ఆయానే కదా అని పేషెంట్ల వాళ్లు అడుగుతున్నారమ్మా. రేపట్నుంచి రాకు" అన్నాడు. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, "ఒరేయ్, నేనెప్పుడైనా నిద్రపోయానట్రా?" అని నన్ను అడిగినది. నన్ను!

5. తమ కార్యాలయమునకు వచ్చితిని. గుమాస్తా, "సరదాకి పెట్టిందన్నా. జనం ఆగి ఫొటోలు దిగుతున్నారు. నీకు నవ్వడం కూడా రాదా?" అన్నాడు. వచ్చును. తమ తోబుట్టువు ఫొటో పెట్టి, కింద అదే వాక్యము రాయించండి. అందరికంటే ముందు వచ్చి నవ్వుతాను.

కావున, ఆ వాక్యము అబద్ధమని తమరు రాతపూర్వకముగా ఒప్పుకొని, ఆ కాగితము నర్సింగ్‌హోముకు పంపి, అక్కను తిరిగి పనిలోకి తీసుకొనునట్లు చేయవలెను. బోర్డును తొలగించమని కోరుట లేదు. నేడు నేనే తొలగించితిని. ఫొటో గోడవైపు తిప్పి మా ముందుగదిలో పెట్టియున్నాను. కాగితము వచ్చిన నాడు బోర్డు వచ్చును. అందాకా రాదు.

తమరు చిత్తగించినను సరే, కేసు పెట్టించినను సరే. వెతుక్కొనే శ్రమ తమకు ఉండరాదని, బోర్డు విప్పిన వేళ కూడా వేసి, నేనెవరో పూర్తిగా రాయుచున్నాను.

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. పట్టపగలు, అందరూ చూస్తుండగా.

ఇంతవరకు తమ విధేయుడు,
గురక పరుపుల కర్మాగారంలో లేబుళ్లు కుట్టినవాడు,
పరుపుల తనిఖీ చేసినామెకు సొంత తమ్ముడు