నాలుగో పుస్తకం

బంగారంలాంటి మా అక్కకి,

ఆదివారం కచేరీకి రాలేదని నిష్ఠూరమాడటానికి కాదు ఈ ఉత్తరం. నీ ఫోను మోగి మోగి ఆగింది. హాలు మేనేజరు గడియారం చూపించాడు. నలుగురు వాయించాల్సింది ముగ్గురితోనే మొదలుపెట్టించాను. నాలుగువందల ఏళ్ళ కిందటి పద్ధతిలో ఎవరి పుస్తకంలో వాళ్ళ స్వరాలే రాసిస్తానా, మొత్తం ఎలా ఉండాలో నాకొక్కదానికే తెలుసు. విల్లుతో వాయించే నీ పెద్ద వయోల్ పలకాల్సిన మంద్రస్వరాలు లేకపోతే నా కూర్పు కుప్పకూలుతుందని భయపడుతూ కూర్చున్నాను.

కూలలేదక్కా. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "అడుగున అంత ఖాళీ వదిలారు చూశారూ, అదీ ధైర్యమంటే," అన్నాడు పత్రికలో సమీక్షలు రాసే పెద్దాయన. పూలిస్తే పుచ్చుకుని నవ్వాను. నిజం చెప్పలేదు.

నీకూ చెప్పనిదొకటుంది. నీ వేళ్ళు కొంకర్లు పోతున్నాయని నీ భాగాన్ని, ఆ నాలుగో పుస్తకాన్ని, తిరగరాసి, తిరగరాసి, చివరికి పన్నెండు పొడుగు స్వరాలకు దించాను. జాలితో రాశాను. అది లేకపోయినా ఎవరికీ తెలియలేదు. లేకుండానే బావుందేమో అన్న అనుమానం ఇంకా చంపుతోంది. ఉన్నా లేకపోయినా ఒకటే అయితే, ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నదేమిటి? ఇక రాయను. కాగితాలన్నీ అటకెక్కించాను.

నీ
చెల్లి


పిచ్చిమొహమా,

నేను వచ్చాను. ఆ పొద్దున విల్లు పట్టుకుందామంటే వేళ్ళు మాట వినలేదు. ఆ సంగతి నీతో అనడానికి నోరు రాక, చివరి వరసలో స్తంభం చాటున కూర్చున్నాను. నువ్వు జాలిపడ్డావని పుస్తకం తెరిచిన రోజే తెలిసింది. నాకు పోయింది వేళ్ళు, కళ్ళు కాదు. ఒళ్ళు మండింది. అయినా ఆ పన్నెండూ బట్టీ పట్టాను.

నేను లేకుండానే నీ కూర్పు నిలబడింది. నువ్వు ఉత్తరంలో ఏడ్చిందీ అందుకే, నేను ఏడ్చిందీ అందుకే. వయోల్‌ని పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఇక తియ్యను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. రెండో భాగం చివర నువ్వు తల తిప్పి గుమ్మం వైపు చూశావు. అక్కడ నా స్వరం రావాలి. ఉండబట్టలేక గొంతులోనే సన్నగా పలికాను. పక్కసీటాయన నా వైపు తిరిగి, "కాస్త నోరు మూసుకుంటారా," అన్నాడు.

అటక మీదే ఉంచుతావో, కిందికి దించుతావో నీ ఇష్టం. నీ నాలుగో పుస్తకాన్ని మాత్రం ఒక్క మనిషి విన్నాడే. ఆయనకి నచ్చలేదు.

అక్క