సున్నం వాసనకు నిద్రపోయిన బిడ్డ

షఫ్‌షావన్, 1994 జనవరి 9

నా ప్రాణం ఉమైమాకు, నీ నానమ్మ ఫామా ఎవరిచేతా రాయించకుండా తన చేత్తోనే రాస్తున్న ఉత్తరం.

ముందు నీ ఒంట్లో ఎలా ఉందో చెప్పు. కాళ్ళు వాస్తున్నాయా? మీ ఆయన అన్వర్ దగ్గు తగ్గిందా? మీ అత్తగారి మోకాలు ఇప్పుడు వానకు సలుపుతోందా, ఎండకు సలుపుతోందా? మీ అమ్మ కులాసాయేనా? మీ నాన్న, నా కొడుకు అబ్దుస్సలామ్, రైలు స్టేషన్‌లో డ్యూటీకి ఇప్పుడైనా వేళకు పోతున్నాడా? మా సంగతి అడుగుతావేమో, నేనూ, పొరుగింటి లల్లా ఖుదూజ్, మేకా, ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వు కళ్ళెదుట లేవన్న లోటు ఒక్కటే.

ఇక అసలు సంగతి. పుట్టబోయే బిడ్డ కోసం ఒక గదికి రంగు వేయిస్తున్నావని మీ అమ్మ కబురు పంపింది. అప్పటినుంచి రొట్టె గొంతు దిగడం లేదు. బిడ్డకు వేరే గది ఏమిటే? మా రోజుల్లో బిడ్డ గది అంటే తల్లి చంకే.

రంగు అంటే నాకు ఇష్టం లేక కాదు. రంజాన్‌కు ముందు మన వీధి ఆడవాళ్ళందరం కొంగులు దోపుకుని గోడల మీద పడేవాళ్ళం. గుంటలో సున్నం కుతకుత ఉడికేది. అందులో నీలిమందు గుప్పెళ్ళతో చల్లేవాళ్ళం. సాయంత్రానికి వీధికీ ఆకాశానికీ తేడా తెలిసేది కాదు. మా మోచేతులకు అంటిన నీలం పండుగ దాకా వదిలేది కాదు. ఇప్పటికీ తడి సున్నం వాసన తగిలితే నాకు పదహారేళ్ళే.

కానీ కడుపుతో ఉన్నప్పుడు వద్దు తల్లీ. మీ నాన్న నా కడుపున ఉండగా మా గదికి కొత్త సున్నం పడింది. ఆ పచ్చి వాసనలోనే పడుకున్నాను. వాడు కడుపులోనే నిద్రపోయాడు. తొమ్మిది నెలలకు రావలసినవాడు పన్నెండో నెలలో వచ్చాడు. ఊరంతటికీ తెలిసిన సంగతే. వాడు బడికి ఆలస్యం, నౌకరీకి ఆలస్యం, సొంత పెళ్ళికి కూడా ఆలస్యం. నలభై ఏడేళ్ళుగా వాడు ఎక్కడ ఆలస్యమైనా నా గుండెలో ముల్లు గుచ్చుకుంటుంది. ఆ ముల్లు నీకు వద్దు. రంగు ఆపించు.

నీ క్షేమమే తన క్షేమం అనుకునే నానమ్మ, ఫామా.

తా.క. మసీదు క్లాసులో మాకు రాయడం, చదవడం నేర్పే ఉస్తాదా ఈ ఉత్తరంలో తప్పులు దిద్దింది. దిద్దుతూ తను కూడా రంగు వద్దంది. ఆమెకు ఇంకా పెళ్ళి కాలేదు గానీ చదువుకున్న మనిషి.


కాసాబ్లాంకా, జనవరి 16

మా నానమ్మ చేతులకు ముద్దులతో, ఉమైమా.

నానమ్మా, నీ అక్షరాలు చూసి ఏడ్చాను. అన్వర్ భయపడి మంచినీళ్ళు తెచ్చాడు. దగ్గు తగ్గింది. అత్తగారి మోకాలు ఇప్పుడు రెండింటికీ సలుపుతోంది. నాన్న నిన్న కూడా ఆలస్యమే.

రంగు గురించి డాక్టరమ్మను అడిగాను. నీళ్ళతో కలిపే రంగైతే పెద్ద భయం లేదట, కానీ కిటికీలు బార్లా తెరవాలి, వాసన పోయేదాకా నేను ఆ గదిలో పడుకోకూడదు, నిచ్చెన ఎక్కనే కూడదు, వీలైతే ఆ పని వేరేవాళ్ళు చేయాలి. అసలు భయం పాత రంగుతోనట. మా మేడ ఫ్రెంచివాళ్ళ నాటిది. ఆ పాత రంగుల్లో సీసం ఉంటుంది, గీకితే ఆ దుమ్ము బిడ్డకు చెడుపు చేస్తుంది అంది. మా గోడ ఎక్కడా పెచ్చులు లేవలేదు కాబట్టి గీకకుండా దాని మీదే వేస్తున్నాం. వేసేది అన్వర్. నేను పక్క గదిలో కుర్చీ వేసుకుని, "ఎడమ పక్క వదిలేశావ్" అని అరవడం వరకే.

కాబట్టి నిశ్చింతగా రొట్టె తిను.

నీ మనవరాలు ఉమైమా.

తా.క. గది పసుపు రంగు. అన్వర్ చొక్కా కూడా. కిటికీ తెరిచి పెట్టమంటే, తెరిచి దాని అంచులకు కూడా రంగు పూశాడు. ఇప్పుడది మూసుకోదు. గాలికి మాత్రం లోటు లేదు.


షఫ్‌షావన్, జనవరి 24

మూసుకోని కిటికీ పక్కన కూర్చున్న నా బంగారు తల్లికి, నానమ్మ దీవెనలు.

చలిగాలి తగలనివ్వకు. అన్వర్‌ని తప్పు పట్టను. మగవాడు గోడకు రంగు వేయడం నేను ఒక్కసారే చూశాను, ఆ మాట ఇప్పుడెందుకులే.

నీ ఉత్తరం రొట్టెల బట్టీ దగ్గర చదివి వినిపించాను. నేను చదువుతుంటే అందరూ నోళ్ళు తెరిచారు, సగం నా చదువుకు, సగం నీ రంగుకు. బట్టీవాడి తల్లి, "పసుపా? పసుపు రంగు గదిలో బిడ్డకు కామెర్లు వస్తాయి" అంది. లల్లా ఖుదూజ్ ఊరుకుంటుందా? "నీ కొడుకు నల్లటి బట్టీ ముందు పుట్టాడు, బొగ్గయ్యాడా?" అని అడిగింది. వాళ్ళిద్దరూ ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు. నా రొట్టె మాడింది.

సీసం మాట మాత్రం నాకు ఎక్కలేదు. సీసం కరిగించి నీళ్ళలో పోసి మనం దిష్టి తీస్తాం కదా? అది గోడల్లోనే ఉంటే ఇంకేం కావాలి, దిష్టి ఆ ఇంటి గడప తొక్కదు! అయినా పాత సీసం బలం తగ్గిందేమోనని లల్లా ఖుదూజ్ తనే వచ్చి, ఆ గదిలో కొత్త సీసం కరిగించి పోస్తానంటోంది. మూకుడు కూడా మూట కట్టింది.

ఈలోగా గురువారం బస్సులో ఒక సంచి వస్తుంది. సున్నం గడ్డలు, నీలిమందు, నా నార కుంచె. ఆ అంగడి రంగు చెరిపించి దీన్ని వేయించు. వాసన వచ్చినా మన వాసన. నువ్వు మాత్రం ఆ దరిదాపుల్లో ఉండకు, మీ నాన్నకు జరిగింది మరచిపోకు.

నీ గోడల గురించే ఆలోచించే నానమ్మ, ఫామా.

తా.క. కుంచె జాగ్రత్త, అది మా అత్తగారిది. ఆవిడ పోయి ముప్పై ఏళ్ళయింది గానీ, పాడుచేస్తే ఇప్పటికీ ఊరుకోదు.


కాసాబ్లాంకా, ఫిబ్రవరి 2

మా నానమ్మకు, చెవులు మూసుకోకుండా ఈ ఉత్తరం పూర్తిగా చదవమని వేడుకుంటూ, ఉమైమా.

సంచి చేరింది, సగం. దారిలో వాన పడి బస్సు పైన ఉన్న సున్నం ఉడకడం మొదలుపెట్టిందట. పొగ చూసి జనం బస్సు తగలబడుతోందని దిగిపోయారట. డ్రైవరు నాన్నను పట్టుకుని, "మీ అమ్మ పంపింది సున్నమా, బాంబా?" అని అడిగాడు. నాన్న సంచి తెచ్చుకోవడానికి గంట ఆలస్యంగా వెళ్ళాడు కాబట్టి అప్పటికి డ్రైవరు కోపం కొంచెం చల్లారింది. కుంచె క్షేమం.

నానమ్మా, సున్నం గడ్డలు కళ్ళలో పడితే చూపు పోతుంది, మా మేడలో వద్దు. లల్లా ఖుదూజ్ సీసం మాట చెబితే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఆ పొగ నీకూ వద్దు, బిడ్డకూ వద్దు, ఆ పెద్దావిడకు కూడా వద్దు" అంది. మూకుడు వెనక్కి పెట్టించు. దిష్టికి ఉప్పు చాలు.

ఇంకో మాట, కంగారు పడకు. నిన్న స్కానింగ్ తీశారు. బిడ్డ ఏప్రిల్ ఆఖరుకు కాదు, మే ఆఖరుకు వస్తుందట. నెల వెనక్కి పోయింది.

నీ చేతి కుస్కుస్ కోసం మొహం వాచిన ఉమైమా.

తా.క. గది రంగు ఆరిపోయింది. వాసన కూడా పోయింది. అత్తగారు మాత్రం ఇంకా ముక్కు మూసుకునే వస్తోంది, నీ మీద గౌరవంతో.


షఫ్‌షావన్, ఫిబ్రవరి 8

ఉమైమా, ఉమైమా, ఉమైమా!

ఎలా ఉన్నావని అడగను. తెలిసిపోయింది. నెల వెనక్కి పోయిందా? బిడ్డ నిద్రపోయిందే తల్లీ! కంగారు పడవద్దని రాస్తావా, కంగారు పడకపోతే నేను మనిషినేనా? రంగు వేశారు, నెల జరిగింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? మీ నాన్నకు కూడా ఇలాగే మొదలైంది. ముందు ఒక నెల, తర్వాత రెండు, తర్వాత మూడు. మీ తాతయ్య రోడ్డు పనికి కొండల అవతలికి వెళ్ళేటప్పటికే నాకు నెల తప్పింది. ఆయన వెళ్ళిన పన్నెండో నెలలో నొప్పులు వచ్చాయి. మంత్రసాని వేళ్ళు లెక్కపెట్టి పెట్టి అలిసిపోయింది. మా అత్తగారే అందరి ముందూ తేల్చి చెప్పింది, "సున్నం వాసనకు నిద్రపోయాడు నా మనవడు" అని.

ఆ గది తలుపు మూసెయ్. జీలకర్ర, కుంకుమపువ్వు కాచి తాగు, వేడికి బిడ్డ మేలుకుంటుంది. పొద్దున్నే కడుపు మీద చెయ్యి వేసి, "లే నాయనా, పొద్దెక్కింది" అని గట్టిగా చెప్పు. నేను మీ నాన్నకు చెప్పలేదు, సిగ్గుపడ్డాను. అందుకే ఇంకా లేవలేదు వాడు.

ముద్ద మింగలేని నానమ్మ, ఫామా.

తా.క. లల్లా ఖుదూజ్ నిద్రపోయే బిడ్డలను లేపే మనిషిని ఎరుగునట. ఆవిడకు తొంభై ఏళ్ళు. ఆవిడను లేపడానికే ఇద్దరు కావాలట.


కాసాబ్లాంకా, ఫిబ్రవరి 14

మా నానమ్మకు, అసలు నిద్రే పోని నీ మునిమనవడు లేదా మునిమనవరాలి తరఫున వంద తన్నులతో.

అవును, ఈ ఉత్తరం రాస్తుంటే లోపలినుంచి తన్నుతోంది. కషాయం తాగలేదు, డాక్టరమ్మ వద్దంది. నేను నీ ఉత్తరం ఆమెకే తీసుకువెళ్ళి చదివాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"బిడ్డలు అలా నెలల తరబడి నిద్రపోరు. నువ్వు తేదీ తప్పు చెప్పావు, అంతే. లెక్క తప్పింది గానీ బిడ్డ ఆగలేదు" అంది.

"మరి మా నాన్న పన్నెండు నెలలు?"

"ఆ ఏడాది ఎలాంటిది?"

నాకు తోడు వచ్చిన నాన్న, "కరువు ఏడాది. అమ్మ గడ్డి దుంపలు తిని బతికానంటుంది" అన్నాడు.

"తిండి లేకపోతే నెలసరి దానంతట అదే ఆగిపోతుంది. కడుపు వచ్చిందనుకుని ఉంటారు. అసలు కడుపు తర్వాత వచ్చి ఉంటుంది" అంది డాక్టరమ్మ.

తాతయ్య అప్పటికి వెళ్ళిపోయారు కదా నానమ్మా? నాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులు తాతయ్యవేనని ఫోటో చూసిన ఎవరికైనా తెలుస్తుంది, కాబట్టి నాకు ఏ అనుమానమూ లేదు. కానీ అడగకుండా ఉండలేను. ఆ మధ్యలో తాతయ్య ఒకసారైనా ఇంటికి వచ్చారా?

నువ్వు చెప్పకపోయినా నిన్నే ప్రేమించే ఉమైమా.

తా.క. ఈ మాట రాయవద్దని నాన్న రెండు రోజులు గొడవ. మూడు నెలలు ఎక్కువ నిద్రపోయానని టీ కొట్టులో ముప్పై ఏళ్ళుగా గొప్పలు చెప్పుకుంటున్నాడట. పరువు పోతుందట.


షఫ్‌షావన్, ఫిబ్రవరి 20

నా ఉమైమాకు, ఈసారి ఉస్తాదాకు చూపించకుండా నానమ్మ రాస్తున్నది. తప్పులు ఉంటాయి, ఉండనీ.

వచ్చారు. ఒక్క శుక్రవారం.

ఆ రోడ్డు పని అప్పట్లో మన ఊళ్ళను ఏలుతున్న స్పెయిన్ వాళ్ళది. చీటీ లేకుండా పని వదిలి వస్తే జైలే, అప్పటికే ఇద్దరిని వేశారు. రంజాన్ ముందు నెల, షాబాన్. ఇంటికి ఇంకా సున్నం పడలేదని, కడుపుతో ఉన్న నేనే వేస్తున్నానని ఎవరో ఆయన చెవిన వేశారు. బాబ్ తాజా ఊరి అవతలినుంచి కొండ దాటి నడిచి, తెల్లవారేసరికి పెరటి గోడ దూకారు. నేను పీట ఎక్కి ఉన్నాను.

"దిగు ఫామా, కడుపుతో ఉన్నదానివి" అని కుంచె లాక్కున్నారు.

గది మొత్తం ఆయనే వేశారు. ఎంత అధ్వాన్నంగా వేశారో! ఒక చోట ముదురు, ఒక చోట లేత. నేను నవ్వితే నా ముక్కు మీద చుక్క పెట్టారు. మా అత్తగారు వీధి గడపలో కాపలా కూర్చుంది. కిటికీ తెరిస్తే పొరుగువాళ్ళు చూస్తారు, అందుకని తెరవలేదు. తలుపు కూడా తెరవలేదు. నువ్వు పెళ్ళయినదానివి, ఇంతకంటే రాయను.

మధ్యాహ్నం నమాజుకు ముందే వెళ్ళిపోయారు. చెవుల వెనక నీలం కడగడం మరచిపోయారు. పై అధికారి అడిగితే పుట్టుమచ్చ అని చెప్పారట.

తర్వాత పన్నెండో నెల వస్తే ఊరికి ఏం చెప్పాలి? ఆయన వచ్చారంటే జైలు. రాలేదంటే నా పరువు. మా అత్తగారు గడపలో నిలబడి సున్నం వాసన అంది. ఎంత గట్టిగా అందంటే నేనూ నమ్మాను. అప్పటికే నెల తప్పిందని అందరూ అన్నారు కదా, ఆ శుక్రవారాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు. ఆయన మీ నాన్న పుట్టిన నలభయ్యో రోజున వచ్చి, చెవులు చూసి నవ్వారు తప్ప ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

నీ ఉత్తరం చదివాక పలక తీసుకున్నాను. మసీదు క్లాసులో మాకు తీసివేతలు చెప్పారు. షాబాన్ నుంచి వాడు పుట్టిన జుమాదా నెల దాకా లెక్కపెట్టాను. తొమ్మిది. చెరిపి, వేళ్ళ మీద లెక్కపెట్టాను. తొమ్మిదే. లల్లా ఖుదూజ్‌ను పిలిచి, ఎందుకో చెప్పకుండా ఆవిడ చేత లెక్కపెట్టించాను. ఆవిడకు కూడా తొమ్మిదే వచ్చింది.

నా కొడుకు ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాలేదే తల్లీ. సున్నం వాడిని నిద్రపుచ్చలేదు. వాడు మాకు దక్కిందే ఆ సున్నం రోజున.

ఆ గదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను, తర్వాత నవ్వాను. తర్వాత మీ నాన్న మీద కోపం వచ్చింది. ఇన్నేళ్ళు స్టేషన్‌కు ఆలస్యంగా పోయింది వాడి సొంత బద్ధకమన్నమాట! నేను ఉపవాసాలు ఉండి మొక్కుకున్నది దేనికి? నా తరఫున నాలుగు తగిలించు. టీ కొట్టులో ఏం చెప్పుకుంటాడో వాడిష్టం, శుక్రవారం మాట మాత్రం బయటికి పొక్కకూడదు. స్పెయిన్ వాళ్ళు వెళ్ళిపోయారు గానీ బట్టీవాడి తల్లి ఇక్కడే ఉంది.

నీ గదిలో పడుకో, కిటికీ తెరిచే ఉంచుకో. కిటికీ విషయంలో మీ డాక్టరమ్మ మాట వినడం మంచిదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

గుండెలో ముల్లు ఊడిన నానమ్మ, ఫామా.

తా.క. నీ కానుపు దాకా ఆగలేను, ఈ రంజాన్ పండుగ కాగానే వస్తాను. లల్లా ఖుదూజ్ మూకుడు లేకుండానే నాతో వస్తుంది. నెలవంకను బట్టి పండుగ ఒక రోజు అటూ ఇటూ కావచ్చు గానీ నా బస్సు మాత్రం మారదు. గురువారం, మార్చి 17, పొద్దుటి బస్సు.