పది మాటలలో నాలుగు

డాక్టర్ మోరాగ్ గారికి,

మన ఫుట్‌బాల్ క్లబ్బులో ఏటా సీజను ముందు మీరు పది మాటలు చదివి, తిరిగి చెప్పమనేవారు, ఆటలో తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అడిగి పోల్చడానికి. నాకు పదీ గుర్తుండేవి. నాలుగే చెప్పేవాణ్ణి.

"రేయ్, ముందే మొద్దులా కనపడు. తర్వాత తలకి దెబ్బ తగిలినా తేడా తెలీదు, శనివారం మ్యాచ్ ఆడనిస్తారు," అని మా కెప్టెన్ డార్సీ నేర్పాడు. అలా రెండొందల మ్యాచ్‌లు ఆడాను.

మొన్న మా పాప బడికి దారి మరిచిపోయాను. మెల్‌బోర్న్‌లో కొత్త డాక్టరు అదే పరీక్ష పెట్టి, మీ పాత కాగితాలతో పోల్చి, "మీకెప్పుడూ నాలుగేగా! కంగారేం లేదు," అని నవ్వాడు. పక్కనే నా భార్య హమ్మయ్య అనుకుంది. ఆమె ముందు నోరు విప్పలేకపోయాను.

సిగ్గు విడిచి అడుగుతున్నాను, ఆయనకు నిజం మీరే రాయండి. ఈసారి నేనేమీ దాచలేదు. నాలుగే గుర్తొచ్చాయి.

మీ పంతొమ్మిదో నంబరు ఆటగాడు