షెడ్డు తాళంచెవి

ఏవండీ,

అండమాన్‌లో పడవెక్కితే మీకు కడుపులో తిప్పుతుంది. ఆ మాత్రల కోసం బందరు వెళ్తున్నాను, సాయంత్రానికి వచ్చేస్తాను. బీరకాయ కూర మూతపెట్టి ఉంచాను. మీ ఆధార్ కార్డు వెతికి పెట్టండి, రేపు ఎయిర్‌పోర్టులో అడుగుతారు. రంగు మరకల్లేని చొక్కాలు మూడే దొరికితే అవే సర్దాను.

కాలవకి నీళ్లు ఈసారి ముందే వదిలేశారని యలమంద అన్నయ్యగారు చెప్పారు. ఇక మీ మనసు ఇంట్లో ఉండదు. కాలవ ఎండి, అద్దిన గుడ్డలు జాడించే పని ఆగినప్పుడు వెళ్దామని మీరు ఏటా అంటుంటే ఇరవై రెండేళ్లు ఆగాను. మీ గుడ్డలు ఒక్క వారం ఆగలేవా? అద్దకం షెడ్డుకి తాళం వేశాను. తాళంచెవి నాతోనే తీసుకెళ్తున్నాను, వెతక్కండి.

రజని

అంతగా చేతులు ఊరుకోకపోతే నా చీర ఇస్తాను, అక్కడ సముద్రంలో జాడించండి.