కుడి మోకాలి మసి

అక్కా,

నీ కూతురి మోకాలు విరగలేదు, వాపు కూడా తగ్గింది. ముందు ఆ భయం వదులు. బాస్కెట్‌బాల్‌లో ఎగిరి దిగేటప్పుడు రోసెల్ మోకాళ్ళు లోపలికి వాలి ఒకదానికొకటి కొట్టుకునేవి. నొప్పి అందుకేనట. కోచ్ బెనిల్డా రెండు మోకాళ్ళకూ కలిపి సైకిల్ ట్యూబు ముక్క కట్టి, దాన్ని బయటికి నెట్టిస్తూ గుంజీళ్ళు తీయిస్తోంది, పీతలా పక్కకి నడిపిస్తోంది. ఇవాళ పరీక్ష పెట్టింది. కుడి మోకాలి లోపలివైపు బొగ్గు మసి పూసి, చాలాసేపు ఎగిరించింది. మోకాళ్ళు తగిలితే ఎడమదానికీ మసి అంటాలి.

ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడు నీళ్ళు తగిలితే నరాలు పట్టేస్తాయని నువ్వు చెప్పావుగా, రోసెల్ ఆ మసి కడుక్కోకుండానే నాతో జీప్నీ బండి ఎక్కింది.

"ఏమ్మా, ఆడి వస్తున్నావా, బొగ్గులమ్మి వస్తున్నావా?" అన్నాడు డ్రైవరు.

"ఇప్పుడు కడిగితే మా అమ్మ తంతుంది. నువ్వు రోడ్డు చూడు డ్రైవరన్నా!" అంది.

దాన్ని ఆట మాన్పించి మీ గిమారాస్ దీవికి పడవెక్కించమని రాశావు. ఇక్కడి ఫియెస్టా పండగ పోటీల దాకా ఆడనియ్యి, ఆ తర్వాత నేనే వెంటబెట్టుకొస్తాను. వంటింటి రేకు మార్పించావా? ఎండుచేపలు పంపితే ఉప్పు తక్కువవి చూడు. బావకి నా నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు.

నా మాట, కోచ్ మాట నమ్మక్కర్లేదు. ఇంటికి రాగానే దాని మోకాళ్ళు రెండూ ఈ కార్డు అంచున అద్దించాను. నల్ల మరక కుడిది. దాని పక్కన తెల్లగా ఉన్నచోటు ఎడమది.

నీ తమ్ముడు,
డోమెల్