ముత్తుసెల్వికి చట్టి కావాలి

గుఢియారీ, రాయపూర్

నళినీ, ఇక్కడ అందరం నిలబడే ఉన్నాం, నేను మాత్రం గోడకు ఆనుకుని.

నీ మేనల్లుడు యోగేష్ భార్య ముత్తుసెల్వి, తూత్తుకుడిలో తల్లి కర్మకు వెళ్లి వచ్చినప్పటి నుంచి సరిగా తినడం లేదు, మంచం దిగడం లేదు. మొన్న వాళ్లమ్మ మట్టిచట్టిలో పెట్టే చేపల పులుసు తలచుకుంది. సరేనని నేనే పూనుకున్నాను. మీ అన్నయ్య చట్టి దొరక్క, మూతి వెడల్పుగా ఉంది కదా అని నీళ్ల కుండ తెచ్చాడు. నీళ్లు చల్లబడాలని చెమర్చేలా చేసే కుండ అది. కొబ్బరి, చింతపండు పులుసు సగం చెమర్చి పొయ్యి ఆర్పేసింది. మిగిలింది స్టీలు గిన్నెలో ఉడికించాను.

ఆ పిల్ల ఒక ముద్ద తిని, "బాలేదు పాట్టీ. ముక్కకు పులుపు పట్టలేదు. మంచి చట్టి తెప్పించండి, నేనే పెడతాను. మీరు దూరంగా కూర్చోండి" అంది.

నా వంటను ఇలా తీసిపారేసింది మీ నాన్న తర్వాత ఈ పిల్లే. అయినా నాకు సంతోషమే. మంచం దిగుతానంది కదా.

నీ మోకాలు ఎలా ఉంది? నెల్లూరు నుంచి వచ్చేవాళ్ల చేత, నువ్వు వాడి వాడి నూనె పట్టిన పాత చట్టి, గానుగ నువ్వులనూనె పంపు. కొత్తది వద్దు. ఆ పిల్ల మనసు మారకముందే అందాలి.

అల్లుడికి, పిల్లలకు ఆశీస్సులు.

అమ్మ